మేక తన పిల్లను గుర్తెరిగేది తొలి గడియలలోనే

పావగడ మొదలు హోసూరు వరకు మన తెలుగు పల్లెలలో రెండు మూడు మేకలే ఆధారమైన కుటుంబాలున్నాయి. అటువంటి ఇంట ఒక్క పిల్ల చనిపోయినా అది చిన్న నష్టం కాదు. మేక ఈనిన వెంటనే పిల్లను ఎత్తుకుపోయి, కడిగి, వేరొక చోట పడుకోబెట్టి, గంట తరువాత తల్లి వద్ద విడిచేవారు కొందరున్నారు. అప్పుడు తల్లి ఆ పిల్లను కొమ్ములతో నెట్టివేయవచ్చు. దానికి మమకారం లేదని నిందించడం న్యాయం కాదు. మమకారం ఏర్పడవలసిన సమయాన్ని దూరం చేసినది మనమే.

మేక సుమారు 150 రోజులు చూడితో ఉంటుంది. ఈనేటప్పుడు జననమార్గం సాగడం వలన తల్లి మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. దాని ప్రభావంతో తల్లి ఉమ్మనీటితో తడిసిన పిల్లను ఆత్రంగా నాకుతుంది. ఆ నాకుడుతో పిల్ల ఒళ్లు ఆరుతుంది. అది లేచి పొదుగు వెదకుతుంది. అదే సమయంలో తల్లి పిల్ల వాసనను గుర్తుంచుకుంటుంది.

అమెరికాలో పీటర్ క్లాఫర్ బృందం 1964లో ప్రచురించిన ప్రయోగం దీనిని స్పష్టం చేసింది. పుట్టగానే 5 నిమిషాలు తల్లి వద్ద ఉన్న పిల్లలను ఆ తరువాత గంటకు పైగా వేరుచేసినా, తల్లులు తిరిగి చేరదీశాయి. తల్లి తాకకముందే తొలగించిన పిల్లలను మాత్రం చాలావరకు తిరస్కరించాయి.

గొర్రెపిల్ల త్వరలోనే తల్లి వెంట నడుస్తుంది. మేకపిల్ల అట్లు కాదు. తొలి దినాలలో పొదచాటున అణగి పడుకుంటుంది. తల్లి మేసి వచ్చి, పిలిచి పాలిస్తుంది. పిల్లలను గంప కింద మూసి మందను తోలుకుపోయే మన కాపరుల పద్ధతి ఈ స్వభావానికి తగినదే. దగ్గర వాసన, దూరాన గొంతు తల్లికి గుర్తులు. పాలు మాన్పి నెలలు గడిచినా తల్లి తన పిల్ల అరుపును మరువదని లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో వెల్లడించారు.

తల్లి తిరస్కరిస్తే పిల్లకు ముర్రుపాలు దక్కవు. వ్యాధులనుండి కాపాడే పదార్థాలు మేకపిల్లకు మాయ ద్వారా అందవు, ముర్రుపాల ద్వారానే అందాలి. ఒక దినం గడిస్తే వాటిని గ్రహించే శక్తి పిల్ల పేగులకు ఉండదు.

కావున ముక్కు, నోటి జిగురు మాత్రం తుడిచి, పిల్లను తల్లి ముందుంచి దూరంగా నిలవండి. తల్లిలేని పిల్ల ఉంటే, అప్పుడే ఈనిన మరొక మేక ఉమ్మనీటిని దాని ఒంటికి పూసి ఆ మేక ముందుంచండి. తల్లి ఒప్పుకోకుంటే, దానిని పట్టుకొని మొదటి గంటలోనే ముర్రుపాలు కుడిపించండి.