అలసిపోయే స్ప్రింగు, అలసట ఎరగని గడియారం

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్ళినవారు అక్కడి మ్యూజికల్ క్లాక్‌ను మరచిపోరు. గంటగంటకూ గడ్డపు బొమ్మ ఒకటి బయటికి వచ్చి గంట కొట్టి వెళ్తుంది. మన పెన్‌పహాడ్ పిల్లలయితే పన్నెండు దెబ్బలూ వినకుండా కదలరు! దాని భాగాలు ఇంగ్లండువి. కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ సంస్థ కూర్చింది. ఆ సందడిలో పడి, మ్యూజియంలోని చిన్న బల్ల గడియారాలను ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం అసలు తమాషా అలాంటి వాటిలోనే కనిపిస్తుంది.

కీ ఇచ్చే బొమ్మకారును గమనించారా? మొదట రివ్వున పరుగెత్తి, పోను పోను నీరసిస్తుంది. చుట్టిన స్ప్రింగు విప్పుకొనే కొద్దీ దాని బలం తగ్గడమే కారణం. మరి స్ప్రింగుతోనే నడిచే గడియారం కూడా ఉదయం పరుగెత్తి, రాత్రికి కుంటాలి కదా?

కుంటకుండా ఇంగ్లండు పనివారు వాడిన సాధనం పేరు ఫ్యూజీ. బొంగరంలా ఒక కొస సన్నగా, మరో కొస లావుగా ఉండే ఇత్తడి శంకువు అది. దాని చుట్టూ మరలా గాడి ఉంటుంది. స్ప్రింగు ఉన్న డబ్బాకూ, ఈ శంకువుకూ మధ్య పేగు తాడో, ఉక్కు గొలుసో ఉంటుంది. కీ నిండా ఇచ్చినప్పుడు స్ప్రింగు బలం ఎక్కువ; అప్పుడు గొలుసు సన్నని కొసను లాగుతుంది. బలం తగ్గేకొద్దీ లావు వైపుకు జరుగుతుంది. తలుపును బందుల దగ్గర నెట్టి చూడండి, తర్వాత గొళ్ళెం దగ్గర నెట్టండి. తేడా తెలుస్తుంది. బలాన్ని వ్యాసార్థంతో గుణిస్తే వచ్చేదే బల భ్రామకం. ఒకటి తగ్గితే రెండోది పెరుగుతుంది, లబ్ధం దాదాపు మారదు. చక్రాలకు అందే తిప్పుడు ఒకే తీరుగా ఉంటుంది.

1656లో హైగెన్స్ లోలక గడియారాన్ని రూపొందించాక, లండన్‌లో ఈ పని బాగా పదునెక్కింది. అందులో మేటి థామస్ టాంపియన్ (1639–1713) ఒక కమ్మరి కొడుకు! ఆ గడియారాల వెనుక పలకపై కూడా పూలూ, ఆకులూ చెక్కేవారు. కొన్నింటికి తాడు ఉండేది; చీకట్లో దాన్ని లాగితే, దీపం వెలిగించకుండానే ఎన్ని గంటలయిందో మోగి చెప్పేది.

గొలుసుల సంగతి వేరు. 1790 ప్రాంతం నుంచి ఇంగ్లండులోని క్రైస్ట్‌చర్చ్ అనే ఊళ్ళో, జేబు గడియారాల ఫ్యూజీలకు వెంట్రుకలంత సన్నని గొలుసులు చేసేవారు. చేసింది ఆడవాళ్ళూ, మీకన్నా చిన్న పిల్లలూ. ఆ పనితో వారి చూపు దెబ్బతినేది.

ఈసారి మ్యూజియంకు వెళితే, బొమ్మ గంట కొట్టాక, బల్ల గడియారాల వైపు కూడా ఒకసారి నడవండి. వీలైతే వెనుక వైపు నుంచి చూడండి.