పొయ్యికి తగిన పొగగొట్టము



పొగ యున్నచోట నిప్పుండునని నిరూపించుటకు మన తార్కికులు వంటయింటినే దృష్టాంతముగా చూపిరి. చిన్ననాడు మా నాయనగారు తర్కసంగ్రహము పాఠము చెప్పినప్పుడు, వంటయిల్లన్నచో పొగ యుండియే తీరునని మేము తలంచితిమి. ఆ తలంపు తప్పని మా అత్తగారి దగ్గు మాకు నేర్పినది.

వారు నలువది యేండ్లు పల్లెలోని పెంకుటింట కట్టెలపొయ్యి ముందు కూర్చుండి వండినవారు. రెండేండ్ల క్రిందట ఆయాసము హెచ్చగా ఎర్రగడ్డకు తోడ్కొనివచ్చి, మా యింటికి దాపుననున్న ఛాతీ ఆసుపత్రిలో చూపించితిమి. వైద్యులు మొదట "చుట్ట త్రాగుదురా?" అని యడిగిరి. లేదనగా "ఏ పొయ్యిమీద వండుదురు?" అనిరి. ఆ రెండవ ప్రశ్నలోనే వ్యాధి మూలమున్నది. ఇండ్లలోని పొగ మూలమున 2020లో లోకమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కగట్టినది.

1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి గ్యాసుపొయ్యి పల్లెలకును చేరినది. అయినను నీళ్లు కాచుటకు, పండుగ పిండివంటలకు, సిలిండరు తీరిననాడు వంటకు కట్టెలపొయ్యి వెలుగుచునే యున్నది. అత్తగారు తమ యిల్లు విడిచి యుండజాలమనిరి. కావున ఆ పొయ్యికి పొగగొట్టము పెట్టించ నిశ్చయించితిమి.

మేస్త్రి మూడంగుళముల గొట్టమొకటి గోడలో దూర్చి, ఇంటి వెన్నుకంటె తక్కువ యెత్తున నిలిపి పోయెను. మరునాడు పొయ్యి రాజేయగా పొగయంతయు గదిలోనికే వచ్చెను. గొట్టమున్నచో పొగ తానే పోవునని అతని యూహ. మా యూహయు అంతియే. వేడిగాలి తేలికయని బడిలో బోధించు మా వారికిని ఆ పాఠము మా పొయ్యికి అన్వయింపవలెనని తోచలేదు.

గొట్టములోని వేడిగాలి బయటి చల్లగాలికంటె తేలికయగుటచే పైకి లేచును. గొట్టమెంత యెత్తో, లోన వేడి యెంతయో, అంత బలముగా పొగను లాగును. పొయ్యినోరు విశాలముగా నున్నచో పొగతోపాటు గదిలోని చల్లగాలియు చొరబడి ఆ వేడిని తగ్గించును. అంత గాలిని సన్నని గొట్టము మోయలేదు. సీమ యిండ్లలోని చలిమంట గూడులకు పాటించు లెక్క ప్రకారము, గొట్టపు వైశాల్యము నోటి వైశాల్యములో సుమారు పదవవంతు కావలెను. అనగా 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల యెత్తు గల నోటికి ఒక్కొక్క ప్రక్క 8 అంగుళముల చదరపు గొట్టము వలయును. మూడంగుళముల దానితో మేమాశించినది ఎంత వ్యర్థమో చూడుడు!

నోరు మూసిన పొయ్యికి ఇంత గొట్టమక్కరలేదు. గిన్నెలు కన్నములలో సందులేక కూర్చుండి, కట్టెలు పెట్టుచోటనే గాలి ప్రవేశించినచో సుమారు 4 అంగుళముల గొట్టము చాలును. ఈ విద్య మన హైదరాబాదుకు క్రొత్తదికాదు. ఇచ్చటి ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో ఆంగ్లమున పుస్తకము ప్రకటించిరి. అందు పొగ వరుసగా గిన్నెల క్రిందుగా సాగి, తన వేడినిచ్చి, పిమ్మట గొట్టమున పోవును. పొయ్యియు గొట్టమును రెండు వస్తువులు గావు, ఒకే వస్తువు.

మేమును పొయ్యిని ఆ రీతిని మరల కట్టించి, 4 అంగుళముల గొట్టమును ఇంటి వెన్నుకంటె రెండడుగులు పైకి లేపితిమి. అడుగున మసి తీయుటకొక మూతగల కన్నముంచితిమి. నెలకొకమారు మసి తీయనిచో ఎంత మంచి గొట్టమైనను పూడుకొనిపోవును.

పట్టణపు సోదరీమణులకు రెండు మాటలు. గ్యాసుపొయ్యిపై పెట్టు విద్యుత్ చిమ్నీకి వెలుపలికి పోవు గొట్టముండుట మేలు. అది పొట్టిగా, మలుపులు తక్కువగా నుండవలెను. గొట్టములేని రకము నూనెజిడ్డును పట్టును గాని వేడిని, ఆవిరిని గదిలోనికే విడుచును. తలుపులు మూసిన గదిలో విద్యుత్ చిమ్నీ త్రిప్పుచు ప్రక్కనే కట్టెలపొయ్యి వెలిగించరాదు. అది గొట్టములోని పొగను క్రిందికి లాగును. బొగ్గుల కుంపటికి పొగ లేదని నమ్మి మూసిన గదిలో నుంచరాదు. దానినుండి వచ్చు కార్బన్ మోనాక్సైడు వాసనలేని విషవాయువు, ప్రాణాంతకము.

పొయ్యియు గొట్టమును పొసగినవో లేదో తెలియుటకు, పొయ్యి మండుచుండగా కట్టెల నోటికడ అగరువత్తి పట్టుడు. దాని పొగ లోనికి పోయిన మేలు. మీవైపు వచ్చిన మేస్త్రిని మరల పిలువుడు.

మా అత్తగారి దగ్గు పూర్తిగా మానలేదు. నలువదియేండ్ల పొగ చేసిన చెరుపు నేడు పెట్టిన గొట్టముతో పోదు. కాని మొన్న సంక్రాంతికి అరిసెలు వండుచు వారు ఒక్కమారైనను కొంగుతో కన్నులొత్తుకొనలేదు. ప్రక్కన కూర్చున్న మా కుమార్తె ఆ దగ్గు ఎరుగకుండ పెరుగునని మా ఆశ.