ఆ నది నా శాఖలోది కాదు!

మొన్న ఒకనాటి రాత్రి మా అమ్మాయి పరీక్షకు చదువుకుంటూ, “1858 ఆగస్టు 2... 1858 ఆగస్టు 2...” అని వల్లె వేస్తూ వుంటే విన్నాను. హిందూదేశ పరిపాలనను ఈస్టిండియా కంపెనీ చేతిలోంచి బ్రిటిషు రాణి చేతికి మార్చిన శాసనానికి ఆమోదముద్ర పడిన రోజది. చిన్నప్పుడు మేమూ వల్లె వేసిందే. నేను చెప్పేది తెలుగు పాఠమే అయినా, పాత సంగతులు తవ్వుకునే అలవాటొకటి వుంది గనుక, ఆ రోజున ఇంకేం జరిగిందో చూద్దామని పుస్తకాలు తిరగవేశాను. అదే రోజున అదే పార్లమెంటు చేసిన మరొక శాసనానికి కూడా ఆమోదం లభించింది. అది లండను నగరపు మురుగుకాలవల శాసనం!

ఒక చేత్తో మహాదేశాన్ని అందుకుంటూ, రెండో చేత్తో ముక్కు మూసుకున్నారన్నమాట ఆ దొరలు. ఆ ముక్కు మూసుకున్న కథ మనం కూడా తెలుసుకోదగ్గది. నది గురించీ, ప్రజల ఆరోగ్యం గురించీ శాసనసభ్యుడు ఒక ప్రశ్న వేస్తే ఏమవుతుందో, ఏమి కాదో అందులో వుంది.

ఆ రోజుల్లో లండను జనాభా పాతిక లక్షలకు పైమాట. అంతకు ముందు ఇళ్లలోని మలమంతా ఇంటి కింద గుంటల్లో చేరేది. దాన్ని రాత్రిపూట ఎత్తించి, బళ్లమీద ఊరిబయట పొలాలకు తోలేవారు. తర్వాత నీళ్లతో కడిగివేసే కొత్తరకం మరుగుదొడ్లు కలిగినవాళ్ల ఇళ్లలోకి వచ్చాయి. ఆ నీటికి గుంటలు పొంగిపోసాగాయి. గుంటలు ఆరోగ్యానికి చేటని అధికారులు వాటిని మూయించి, ఇళ్ల మురుగును వీధికాలవల్లోకి కలిపించారు. అవి నిజానికి వాననీటికని కట్టినవి. పోయి పోయి థేమ్సు నదిలో పడతాయి. ఇల్లు శుభ్రపడింది, నది పాడయింది. ఆ నదినీళ్లే కొన్ని కంపెనీలు తోడి, గొట్టాల ద్వారా మళ్లీ ఇళ్లకు పంపేవి.

ఇంకో చిక్కు ఏమంటే, లండను దగ్గర థేమ్సుకు సముద్రపు పోటు వస్తుంది. ఆటుకు కిందికి పోయిన మురుగు పోటుకు మళ్లీ ఊళ్లోకి వచ్చేది. 1855 జులైలో మైకేల్ ఫారడే అనే మహాశాస్త్రజ్ఞుడు పడవలో పోతూ, తెల్లని అట్టముక్కలు తడిపి నీళ్లలో వేసి చూశాడు. ఒక్క అంగుళమైనా దిగకముందే ముక్క కనబడకుండా పోయింది. ఆ సంగతి ‘టైమ్సు’ పత్రికకు లేఖ రాశాడు. జనం చదివారు. నది మాత్రం అలాగే పారింది.

ఈలోగా కలరా వచ్చింది. మన పల్లెల్లో మరిడమ్మకు జాతరలు చేయించిన జబ్బే అది. 1832లోనూ, 1849లోనూ, 1854లోనూ చెలరేగి, మూడుసార్లూ కలిపి ఒక్క లండనులోనే ముప్ఫై వేలమందిని పొట్టన పెట్టుకుంది. దుర్వాసనే రోగం తెస్తుందని ఆనాటి వైద్యుల నమ్మకం. కాదు, తాగే నీళ్లలోనే వుందని జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి, లెక్కలు కట్టి చెప్పాడు. 1854 సెప్టెంబరులో బ్రాడ్ వీధి పంపు పిడిని ఊడదీయించినవాడు ఈయనే. పెద్దలు పిడి ఊడదీశారు గాని, సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు.

1858 జూను వచ్చింది. ఎన్నడూ లేని ఎండలు కాశాయి. నదిలో నీరు తగ్గి, ఒడ్డున పేరుకున్న మురుగు కుళ్లసాగింది. పార్లమెంటు భవనం సరిగ్గా ఆ ఒడ్డునే వుంది! కిటికీల తెరల్ని బ్లీచింగు పొడి కలిపిన నీళ్లలో తడిపి వేలాడదీశారు. లాభం లేకపోయింది.

ఆ నెలలోనే బ్రాడీ అనే సభ్యుడు కామన్సు సభలో లేచి ప్రశ్న వేశాడు. ఈ కంపుకు కమిటీ గదుల్లోనూ, గ్రంథాలయంలోనూ సభ్యులు కూర్చోలేకపోతున్నారు, దీనికి తమరేం చేశారు, అని. జవాబు చెప్పవలసినవాడు లార్డ్ జాన్ మానర్సు. మన భాషలో పబ్లిక్ వర్క్సు మంత్రి అనుకోండి. థేమ్సు నది తన అధికారంలో లేదని ఆయన చెప్పి కూర్చున్నాడు.

కొద్దిరోజులకు మాంగిల్సు అనే మరో సభ్యుడు లేచాడు. ఈయన అంతకు ముందు ఏడాది, అంటే మన సిపాయిల తిరుగుబాటు నాడు, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లకు అధ్యక్షుడు. అంతటివాడు కూడా, ఇంత గొప్ప నదిని పాయిఖానా గుంట చేశారే, ప్రభుత్వం ఏమైనా చేయదలచుకున్నదా అని అడగవలసివచ్చింది. థేమ్సు స్థితితో ప్రభుత్వానికి బొత్తిగా సంబంధం లేదని మానర్సుగారి జవాబు.

చదువుతూవుంటే నవ్వు వస్తుంది. కాని ఆ జవాబు అబద్ధం కాదు. అదే అసలు విషాదం. మురుగు సంగతి చూడటానికి 1855లో చేసిన శాసనం కింద మెట్రోపాలిటన్ బోర్డు అని ఒక సంఘం ఏర్పడింది. బాధ్యత ఆ బోర్డుది. దాని ప్రధాన ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ 1856లోనే పథకం తయారుచేశాడు. అయితే పెద్ద పథకానికి అనుమతి ఇచ్చే అధికారం ఎవరిది? మానర్సు కూర్చున్న ఆ కుర్చీదే! ఆయనకు ముందు ఆ కుర్చీలో వున్న బెంజమిన్ హాల్ (పార్లమెంటు గడియారంలోని ‘బిగ్ బెన్’ గంటకు ఈయన పేరే వచ్చిందంటారు) మురుగు వదిలే చోటు ఊరికి దగ్గరైందని పథకాన్ని తిప్పిపంపాడు. దూరం జరిపితే ఖర్చెవరిదన్న తగవు వచ్చింది. కాగితాలు అటూ ఇటూ, మురుగు కూడా అటూ ఇటూ. బాధ్యత వున్న బోర్డుకు అధికారం లేదు. అధికారం వున్న మంత్రికి బాధ్యత లేదు. మన ఉమ్మడి కుటుంబాల్లో పెరటి నుయ్యి పూడిక తీయించడమెవరన్న తగవు గుర్తుకు రావడం లేదూ?

సభలో ఈ ప్రశ్నోత్తరాలు సాగుతూండగానే, జూను 16న, డాక్టరు స్నో కన్నుమూశాడు. వయస్సు 45. కంపు గురించి అంతమంది మాట్లాడుతున్నారు. నీటి గురించి చెప్పినవాడు వెళ్లిపోయాడు.

సభాభవనానికి గాలి సరఫరా చూసే గర్నీ అనే ఆయన, సభ్యుల ఆరోగ్యానికి ఇక తాను పూచీపడలేనని స్పీకరుకు రాసేశాడు. ఒకనాడు ఆర్థికమంత్రి డిజ్రేలీ ఒక చేత కాగితాలూ, ముక్కుకు రుమాలూ పట్టుకుని కమిటీ గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆ డిజ్రేలీయే జులై 15న బిల్లు ప్రవేశపెట్టాడు. పద్దెనిమిది రోజుల్లో అది శాసనమైపోయింది. ముప్ఫైవేల చావులు చేయించలేని పనిని ఒక వేసవి కంపు చేయించింది. మురికివాడలో పోయిన ప్రాణం సభలోకి వినబడలేదు. కంపు మాత్రం పిలవకుండానే వచ్చి కూర్చుంది.

ఆ శాసనంలో గొప్ప వేదాంతమేమీ లేదు. మూడు ముక్కలు. పని బోర్డుది. పథకాన్ని ఆపే అధికారం మంత్రికి ఇక లేదు. ముప్ఫై లక్షల పౌన్లు అప్పు తెచ్చుకోవచ్చు. నగరవాసుల మీద పన్ను వేసి తీర్చాలి. పనికి ఒక యజమానీ, చేతినిండా డబ్బూ దొరికాయన్నమాట.

బాజల్జెట్ చేసింది చెప్పుకుంటే తేలిక. చూరునీళ్లు వాకిట్లో పడకుండా చూరు పొడవునా రేకుగాడి కట్టి ఓ మూలకు మళ్లిస్తాం చూడండి, అలాగే మురుగు నదిలో పడకముందే అడ్డుకోవడానికి నదికి సమాంతరంగా, భూమి లోపల 82 మైళ్ల పొడవున ఇటుక సొరంగాలు కట్టించాడు. వాటిలో మురుగు వాలుకు తూర్పుగా పారుతుంది. పల్లంలో పెద్ద పెద్ద ఆవిరియంత్రాలు దాన్ని ఎత్తిపోస్తాయి. ఊరికి దూరంగా, ఆటు మొదలయ్యే వేళ నదిలోకి వదులుతారు. 1865లో యువరాజు ప్రారంభోత్సవం చేశాడు. 1866లో మళ్లీ కలరా వచ్చింది. అయిదు వేలమందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది తూర్పు లండనువాళ్లు. కొత్తకాలవ పని ఇంకా పూర్తికాని భాగమే అది! అక్కడి తాగునీటిలో మురుగు కలిసింది. స్నో మాట నిజమని పెద్దలు ఒక్కొక్కరే ఒప్పుకోసాగారు. లండనులో కలరా చెలరేగడం అదే ఆఖరు.

ఇక్కడితో ఆపితే కథ బాగానే వుంటుంది. కాని నది అక్కడ ఆగదు గదా! ఊరికి దూరంగా వదిలిన మురుగు కిందివాళ్లకు దూరం కాదు. 1878 సెప్టెంబరు 3న ‘ప్రిన్సెస్ ఆలిస్’ అనే విహారనౌక ఆ మురుగు పడే తావుల దగ్గరే మరో ఓడ తగిలి మునిగింది. ఆరువందలమందికి పైగా పోయారు. వాళ్లు పడింది నీళ్లలో కాదు, అంతకు కొంచెం ముందే వదిలిన మురుగులో. ఆ తర్వాత గాని మురుగులోని మడ్డిని వేరుచేసే ఏర్పాట్లు రాలేదు. మురుగును ఊరు దాటించడం వేరు, శుద్ధి చేయడం వేరు అని తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, నీరు రాష్ట్రాల జాబితాలో వున్నాయి. రెండు రాష్ట్రాల్లో పారే నదుల సంగతి కేంద్రానిది. 1992లో చేసిన సవరణ ప్రకారం, రాష్ట్రాలు నీటి సరఫరా, పారిశుద్ధ్యం పురపాలక సంఘాలకు అప్పగించవచ్చు. నీటి కాలుష్యం చూడటానికి 1974 శాసనం కింద బోర్డులున్నాయి. ఇన్ని గుమ్మాలున్న ఇంట్లో, “నా శాఖలోది కాదు” అనడానికి మానర్సంత తెలివైనవాడు అక్కర్లేదు.

అందుకే మన సభ్యులు ప్రశ్న వేసేటప్పుడు, నది పాడయిందన్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా అని అడిగితే చాలదు. వచ్చిందనీ, పరిశీలనలో వుందనీ జవాబు వస్తుంది. సభ తరవాతి ప్రశ్నకు పోతుంది. రోజుకు ఎంత మురుగు పుడుతున్నది, ఎంత శుద్ధవుతున్నది, మిగతాది ఎక్కడ పడుతున్నది, ఆ పని ఎవరిది, డబ్బెక్కడిది, ఏ తేదీకి పూర్తవుతుంది అని అడగాలి. నక్షత్రపు గుర్తు వేసి నోటిజవాబు కోరితే, దానిమీద అనుబంధ ప్రశ్నలు కూడా వేయవచ్చు. ఆ జవాబు సభా కార్యక్రమాల్లో అచ్చుపడి వుంటుంది. నూట అరవై ఏళ్ల తర్వాత కూడా మానర్సుగారి జవాబు నాకు దొరికింది చూడండి!

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. విని, కొంచెంసేపు ఆలోచించి, “హైదరాబాదులో బస్సు మూసీ వంతెన ఎక్కగానే అందరూ ముక్కు మూసుకుంటారు. అవతలికి పోగానే తీసేస్తారు. ఆ నీళ్లు నల్లగొండ వైపు పొలాల్లోకి పోతాయిగా, మరి అక్కడివాళ్లో?” అన్నది.

పరీక్షలో ఆ ప్రశ్న రాదు. సభలో రావాలి.