రైతు ఇంట రెండు పంచాంగములు

పల్లెపట్టున సేద్యము చేయు గృహస్థుని ఇంట కాలమును కొలుచు లెక్కలు రెండు కలవు. ఒకటి తిథుల లెక్క, రెండవది కార్తెల లెక్క. పండుగలు, వ్రతములు, పెండ్లిండ్లు, పితృకార్యములు తిథిని బట్టి జరుగును. దుక్కి, విత్తు, నాటు, కోత కార్తెను బట్టి జరుగును. మొదటిది చంద్రుని నడక, రెండవది సూర్యుని నడక. రెండును ఒకే పంచాంగములో ప్రక్కప్రక్కనే అచ్చుపడుటచే పట్టణవాసులమైన మనము వానిని ఒకటిగనే భావింతుము. సేద్యగానికిని, అతని ఇల్లాలికిని ఆ భేదము తెలియును. సంవత్సరము పొడవున ఆ ఇంట జరుగు పనులను, అక్కడి ఇబ్బందులను శ్రోతలు గ్రహింపవలెనన్నచో ఈ భేదముతో ప్రారంభించుటయే మేలు. కృష్ణా గోదావరి డెల్టాలలోని వరి పండించు ఇండ్లనే ముఖ్యముగ దృష్టిలో ఉంచుకొని చెప్పుచున్నాను.

చాంద్రమాన సంవత్సరమునకు దినములు సుమారు 354. సూర్యుడు నక్షత్రచక్రమును ఒకమారు చుట్టివచ్చుటకు 365 దినములపై కొంత కాలము పట్టును. కనుక పండుగలు ఏటికి పదకొండు దినముల చొప్పున ముందుకు వచ్చుచు, రెండున్నర మూడేండ్లకొక పర్యాయము అధికమాసము పడగా మరల వెనుకకు పోవును. 2022లో వినాయకచవితి ఆగస్టు 31న వచ్చినది. 2023లో అధిక శ్రావణము పడుటచే అదే పండుగ సెప్టెంబరు 18న వచ్చినది. పత్రి కోయు పిల్లలకు దీనివలన చిక్కు లేదు. కాని చవితి నాటికి ఊడ్పులు ముగింతునని నియమము పెట్టుకొన్న రైతు ఎవడైన ఉన్నచో, అతని పని ఆ యేడు పద్దెనిమిది దినములు వెనుకబడియుండును. కార్తెకు ఈ చాంచల్యము లేదు. ఇరువదియేడు నక్షత్రములలో ఒక్కొక్కదాని యందు సూర్యుడు పదమూడు, పదునాలుగు దినములు నిలుచును. ఏ యేడు చూచినను మృగశిర జూన్ 7, 8 తేదీలలోను, ఆరుద్ర 21, 22 తేదీలలోను ప్రవేశించును. నైరుతి ఋతుపవనము జూన్ 1 ప్రాంతమున కేరళ తీరమును తాకి, సాధారణముగ వారము పది దినములలో తెలుగు నేలకు వచ్చును. మృగశిరకు తొలకరికి గల సంబంధ మిదియే.

ఇందొక సూక్ష్మము కలదు. నక్షత్రములను బట్టి లెక్కించు సంవత్సరము ఋతువులను బట్టి లెక్కించు సంవత్సరము కంటె సుమారు 20 నిమిషములు పెద్దది. ఈ స్వల్పభేదము 72 ఏండ్లకు ఒక దినమగును. వివేకానందస్వామి జన్మించిన 1863 జనవరి 12వ తేది మకరసంక్రాంతి దినము. ఇప్పుడు ఆ పండుగ 14, 15 తేదీలలో వచ్చుచున్నది. తేదీ మారుటకు లీపు సంవత్సరముల సర్దుబాటు కూడ కొంత కారణమే. అయినను కార్తెలన్నియు ఋతువులనుండి మెల్లమెల్లగ జరుగుచున్నవనుట నిజము. పదునైదు వందల ఏండ్ల క్రిందట రోహిణి కార్తె ఇప్పటికంటె మూడు వారములు ముందుగనే వచ్చియుండవలెను. రోహిణిలో రోళ్ళు పగులునను సామెత ఆనాటి ఎండలకంటె మన కాలపు ఎండలకే చక్కగ సరిపోవును. కావున కార్తె సామెతలు మనము తలచునంత పురాతనములు కావనియు, తరతరమునకు రైతులు వానిని సవరించుకొనుచు వచ్చిరనియు నా అభిప్రాయము.

ఇక ఇంటిలోనికి పోవుదము. వైశాఖ జ్యేష్ఠములలో కాలువలు కట్టివేయబడి యుండును. పొలములో పని ఉండదు, ఇంటిలో తీరిక ఉండదు. వాన రాకమునుపే చేయవలసినవి ఎన్నియో కలవు. తాటాకు ఇండ్ల కాలములో కప్పు మార్చుట, కట్టెలు, పిడకలు తడవనిచోట పేర్చుట, గింజ తీసిన చింతపండును ఉప్పు వేసి కుండల కెత్తుట, మిరపకాయలు దంచుట, కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి తిరగలిలో విసరుట. అన్నిటికంటె పెద్దపని ఆవకాయ. కాయకు టెంక ముదిరియుండవలెను, ముక్కకు తడి తగులరాదు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగును. ఆవపిండి ఘాటు, పైన తేలిన నూనె బూజును అడ్డుకొనును. మూడవనాడు తిరుగ కలిపి, ఉప్పు చాలినదో లేదో చూచి, నూనె పోయుదురు. దీనిని రుచి కొరకు చేయు పని అని మనము తలంతుము. కూర దొరకని ఆషాఢ శ్రావణములలో రెండు పూటల అన్నమునకు ఆధారము ఆ జాడీయే. ఇల్లాలు ముక్కలను లెక్కపెట్టినట్లు వడ్డించుటకు కారణ మది.

జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, పొంగలి తినిపించి, నాగలికి పూజచేసి దుక్కి సాగింతురు. ఇది తిథి ప్రకారము జరుగు ముచ్చట. నేల పదునైనదా లేదా అను ప్రశ్న దానిది కాదు. తెలంగాణములో మృగశిర ప్రవేశించిన నాడు ఇంగువ కలిపిన బెల్లము తినుట, చేపలు వండుకొనుట ఆచారము. అది కార్తె ప్రకారము జరుగు ముచ్చట.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, విజయవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిదప డెల్టాలకు కార్తెలతో పనియేమని కొందరడుగుదురు. ఎగువను వాన కురిసి నది పొంగినగాని కాలువకు సమృద్ధిగ నీరు రాదు. అంతకంటె ముఖ్యమైనది వరి స్వభావము. పూర్వపు సార్వా రకములలో పెక్కు పగటి పొడవును గుర్తించునవి. ఎప్పుడు నాటినను, శరదృతువున పగలు కురుచయై నిర్ణీతప్రమాణమునకు వచ్చినప్పుడే అవి ఈనును. పునర్వసు పుష్యమి కార్తెలలో నాటిన పైరుకు పిలకలు తొడిగి బలియుటకు రెండున్నర మూడు నెలలు దొరకును. మఖలో నాటిన పైరు కూడ ఇంచుమించు అదే దినములలో ఈనును గనుక దానికి ఆ వ్యవధి లేదు. కార్తె తప్పినచో పంట తగ్గునని పెద్దలు చెప్పినది మూఢవిశ్వాసము కాదు. మొక్కయే సూర్యుని పంచాంగమును చదువుచుండెను.

ఊడ్పుల నాటికి గాదె సంగతి ఏమి? ఇచ్చట చిన్న లెక్క చూతము. ఆరుగురు పెద్దలున్న ఇంట మనిషికి దినమునకు అరకిలో బియ్యము చొప్పున ఏడాదికి సుమారు 1,100 కిలోలు కావలెను. నూరు కిలోల వడ్లకు అరువదియారు కిలోల బియ్యము దిగునన్నచో, 75 కిలోల బస్తాలు ఇరువదిరెండు ఇంటిగ్రాసమునకే ఉండవలెను. విత్తనము, చుట్టములు, పండుగలు వేరు. ఇంకొక చిక్కు కలదు. కొత్తబియ్యము వండినచో అన్నము ముద్దయగును, ఒదుగు తక్కువ. ఆరునెలలు నిలువయున్న గింజ గట్టిపడి ఎక్కువ నీరు పీల్చుకొని, మెతుకు మెతుకుగ విడివడి, అదే సోలెడు బియ్యము ఎక్కువ అన్నమగును. కావున కలిగిన ఇంట సంక్రాంతికి వచ్చిన వడ్లను ఆషాఢము వరకు ముట్టరు, వెనుకటి యేటివే తిందురు. దానికి గాదెలో ఇరువదిరెండు కాదు, ముప్పది మూడు బస్తాలుండవలెను. లేని ఇంట కొత్తవడ్లు కళ్ళము దాటగనే రోటిలో పడును. ఒదుగు లేని అన్నమే వారికి దక్కును, త్వరగ అయిపోవు గింజయే వారి వంతు. పాతబియ్యము తినుట కలిమికి గురుతైనది ఇందువలననే.

అట్టి చిన్న ఇండ్లకు ఆషాఢము మొదలు భాద్రపదము వరకు గడ్డుకాలము. గింజ నిండుకొనును, పైరు ఇంకను పచ్చిది, ఊడ్పుల కూలి తప్ప వేరు రాబడి లేదు. ఆ నెలలలో వడ్లు నాగుకు తెచ్చి, పంట నాటికి అసలుపై అదనముగ కొలిచి ఇచ్చువారు. తీసికొన్నప్పుడు ధర ఎక్కువ, తీర్చునప్పుడు ధర తక్కువ. రెండు విధముల నష్టము అప్పుపడినవానిదే. శ్రావణ మంగళవారముల పేరంటములు, వరలక్ష్మీవ్రతము సరిగ్గ ఈ ఇరుకు దినములలో వచ్చును. శనగలు నానబెట్టి పంచు ఆచారము ఆ కాలమున పిల్లల కడుపుల కెంత మేలు చేసెనో ఊహించుకొనవచ్చును. ఆషాఢములో కొత్తకోడలు పుట్టింటికి పోవుటకు పెద్దలు రెండు కారణములు చెప్పుదురు. ఊడ్పుల వేళ మగనికి పొలముపై మనసు నిలువవలెననునది ఒకటి. ఆషాఢమున గర్భమైనచో ప్రసవము చైత్ర వైశాఖముల ఎండలలో వచ్చుననునది రెండవది. అడుగంటిన గాదె ఉన్న ఇంట ఒక విస్తరి తగ్గుట కూడ మూడవ కారణమై యుండునని నాకు తోచును. దీనిని ఏ అత్తగారును పైకి చెప్పరు.

ఆశ్వయుజ కార్తికములు ఆశకు, భయమునకు నెలవులు. చిత్తలో పొట్ట, స్వాతిలో ఈనిక, విశాఖ దాటుసరికి గింజ బరువెక్కి వెన్ను వంగును. సముద్రములో వాయుగుండములు లేచునదియు అప్పుడే. మచిలీపట్టణమును ముంచిన ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చినది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చి పదివేలకు పైగ ప్రాణములను పొట్టనబెట్టుకొన్నది. కోనసీమపై 1996 నవంబరు 6న తుపాను విరుచుకుపడినది. మూడును స్వాతి విశాఖల ప్రాంతముననే. పడిపోయిన వరి ఒక యేటి నష్టము. కోనసీమ ఇంటికి కొబ్బరిచెట్టు పిల్లల చదువు, పండుగ ఖర్చు, పెండ్లికి పెట్టుబడి. నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. 1996లో కూలిన తోటల స్థానమున నాటిన మొక్కలు కాచుసరికి, ఆనాడు అయిదవ తరగతి చదువు పిల్లకు పెండ్లియీడు వచ్చెను.

తుపాను తప్పినచో మార్గశిరమున కోతలు, కుప్పలు, పుష్యమున నూర్పిళ్ళు. ఎద్దులచే తొక్కించి, తూర్పారబట్టి, కళ్ళములోనే వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి మేరలు కొలుచుట ఒకనాటి పద్ధతి. ఇప్పుడు కోతయంత్రము పొలములోనే గింజను బస్తాకెత్తుచున్నది. సంక్రాంతిని గురించి నేను కొత్తగ చెప్పనక్కరలేదు. కొత్త అల్లుడు, అరిసెలు, గొబ్బెమ్మలు, కనుమనాడు పశువులకు పూజ, అన్నియు మీరెరిగినవే. తెలుగువారి పెద్ద పండుగలలో తిథితో పనిలేక సూర్యుని బట్టి వచ్చునది ఇది యొక్కటే. ఇంటిలోని రెండు లెక్కలును ఆ మూడు దినములు ఒక్కటియగును.

మార్పులు చాల వచ్చినవి. మారుటేరు పరిశోధనా స్థానమునుండి 1982లో స్వర్ణ, బాపట్లనుండి 1986లో సాంబమసూరి వచ్చి డెల్టాల నిండ వ్యాపించినవి. ఇప్పటి రకములలో పెక్కింటికి పగటి పొడవుతో పట్టింపు తక్కువ, దినముల లెక్కయే ప్రధానము. కావున ముందుగ నాటి తుపానులకంటె ముందే కోసికొనవచ్చునను ఆలోచన బలపడినది. అయినను సేద్యపు ఖర్చు, కూలీల కొరత, ధర చాలకపోవుట కలిసి 2011లో కోనసీమ రైతులలో అనేకులు సార్వాకు పంట విరామము ప్రకటించిరి. ఆ యేడు వారి మళ్ళలో మృగశిర వచ్చినది, ఆరుద్ర వచ్చినది, నారు మాత్రము పోయలేదు.

విత్తనము కొనితెచ్చుకొనుట ఎక్కువైనను, ఇంట దాచిన విత్తనము వాడు కుటుంబములు నేటికిని కలవు. తెగులు లేని మడిలోని వరిని విడిగ కోసి, విడిగ నూర్చి, పంట క్రింద నొక్కినచో కటుక్కున విరుగునంతవరకు ఎండబెట్టి, వేపాకో వావిలాకో కలిపి, తినుగింజకు దూరముగ ఉంచుదురు. శ్రావణమున ఇంట గింజ లేకున్నను, మరుసటి ఊడ్పుల కుంచిన విత్తనమును తాకని ఇల్లాండ్రు పూర్వముండిరి. ఇక ఎండాకాలము చివర పరీక్ష. నూరు గింజలు లెక్కించి, తడిగుడ్డలో చుట్టి, నీడను పెట్టి, ఆరకుండ నీరు చల్లుచు వారమునకు విప్పి చూతురు. ఎనుబది మొలిచినచో విత్తనము మంచిది. అరువది మొలిచినచో నారుమడిలో ఒత్తుగ చల్లవలెను. అంతకు తక్కువైనచో, రోహిణి వెళ్ళకమునుపే పొరుగింటికి పోయి విత్తనము అడుగవలెను.