వార్తల్లో పదం: ఆధునిక బానిసత్వం

పని మానేసి వెళ్లిపోదామనుకున్నా వెళ్లలేని స్థితి ఇది. బెదిరింపు, తీరని అప్పు, గుంజుకున్న ఆధార్ కార్డు... కారణం ఏదైనా కావచ్చు. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 5 కోట్ల మంది ఇందులో ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. బలవంతపు పెళ్లిళ్లూ ఈ లెక్కలోవే. తమ ఫ్యాక్టరీల్లో, సరఫరాదారుల దగ్గర దీన్ని అరికట్టడానికి ఏం చేస్తున్నాయో పెద్ద కంపెనీలు ఏటా చెప్పాలని బ్రిటన్ 2015లో చట్టం చేసింది.

మన దగ్గర చూస్తే, సంగారెడ్డి జిల్లాలో పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి పటాన్‌చెరు దాకా ఉన్న ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్ వాళ్లు ఎందరో. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు మృతుల్లోనూ వలస కార్మికులున్నారు. అది ప్రమాదం, వెట్టి కాదు. కానీ ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారో పక్కాగా రాసి ఉండాల్సిన అవసరం అలాంటప్పుడే తెలిసొస్తుంది.

చిక్కు ఎక్కువగా కూలీలను పనికి తెచ్చే మేస్త్రీ దగ్గరే. ఊళ్లోనే అడ్వాన్స్ ఇస్తాడు. రైలు ఖర్చు, తిండి, గది అద్దె దానికే కలుపుతాడు. జీతం మేస్త్రీ చేతికే వస్తే బాకీ ఇక తీరదు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు కంపెనీ హాజరు పట్టీ చూస్తారు. మేస్త్రీ నోటుబుక్కు చూడరు. అసలు కథంతా అందులోనే! జీతం నేరుగా కార్మికుడి ఖాతాలో పడాలి, ఏటీఎం కార్డు అతని జేబులోనే ఉండాలి.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టి అప్పును రద్దు చేసింది. కనీస వేతనం ఇవ్వకుండా పనిచేయించడమూ బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో తేల్చింది. ఫిర్యాదు కలెక్టర్‌కు చేయొచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.