రక్తసంబంధము – రక్తవర్గము

తెలుగువానికి రక్తసంబంధము కంటె గట్టి బంధము వేరొకటి లేదు. ఆపద వచ్చినప్పుడు "నా రక్తము పంచుకొని పుట్టినవాడు గదా!" అని తోబుట్టువు వైపు చూచుట మనకు తరతరాల అలవాటు. కాని రక్తము తన బంధుత్వమును వేరొక లెక్క ప్రకారము నిర్ణయించుకొనును. ఆ లెక్క తెలియనిచో ప్రేమతో ఇచ్చిన రక్తమే ప్రాణము తీయవచ్చును.

అనకాపల్లి జిల్లాలోని మాకవరపాలెము వంటి యూరిలో ఒక ఇల్లాలు ప్రసవవేళ రక్తస్రావముతో సొమ్మసిల్లినదనుకొందము. ఆమెను నర్సీపట్నమునకో, అనకాపల్లికో, ఇంకను అవసరమైనచో విశాఖపట్నమునకో తరలింపవలెను. అన్న చేయి చాచి "నా రక్తము తీసుకొనుడు" అనును. వైద్యుడు మొదట పరీక్షింపవలెనని చెప్పును. అన్నది 'బి', చెల్లెలిది 'ఎ' అయినచో ఆ రక్తము పనికిరాదు. ముక్కూ మొగమూ ఎరుగని కారు డ్రైవరు రక్తము సరిపోవచ్చును.

ఈ భేదమును 1901లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ లోకమునకు వెల్లడించెను. ఆయన ఒకరి ఎర్రకణములను వేరొకరి రక్తరసితో కలిపి చూచెను. కొన్ని జతలు చక్కగా కలిసిపోయెను. కొన్ని విరిగిన పాలవలె ముద్దలు కట్టెను. ఎర్రకణముల పైని చక్కెర గొలుసులే ఇందుకు కారణము. 'ఎ' వర్గమువారి గొలుసు చివర ఒక చక్కెర, 'బి' వర్గమువారికి వేరొకటి ఉండును. 'ఎబి' వారికి రెండును కలవు; 'ఓ' వారికి రెండును లేవు. ఈ గుర్తులనే ప్రతిజనకములందురు. తనయందు లేని గుర్తును శరీరము పరాయిదిగా ఎంచి, దానికెదురుగా ప్రతిరక్షకములను సిద్ధపరచుకొనును. పరరక్తము ఒక్క చుక్కయైనను సోకకముందే అవి పసితనముననే పుట్టుట విచిత్రము. మన ప్రేవులలోని సూక్ష్మజీవులపై అటువంటి చక్కెరలే ఉండుట దీనికి కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఈ గుర్తులకు మూలము ఒకే జన్యువు యొక్క మూడు రూపములని 1924లో ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ అను గణితజ్ఞుడు నిరూపించెను. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి బిడ్డకు సంక్రమించును. 'ఎ', 'బి' రూపములు బయటపడును; 'ఓ' రూపము వాని చాటున దాగును. ఇద్దరియందును ఆ దాగిన రూపమున్నచో 'ఎ' తండ్రికిని 'బి' తల్లికిని 'ఓ' బిడ్డ పుట్టవచ్చును. ఈ సంగతి ఎరుగక ఇల్లాలి శీలమును శంకించుట ఘోరమైన అజ్ఞానము.

'ఓ' వర్గమువారు అందరికిని దాతలని పాఠశాలలలో బోధింతురు. ఆ సూత్రమునకు భంగము మన దేశముననే కనబడినది. 1952లో బొంబాయిలో వై. ఎం. భెండే ప్రభృతులు ఒక వింత రక్తమును గూర్చి ప్రకటించిరి. చూపునకది 'ఓ' వలె ఉండును; కాని 'ఓ' రక్తమును సైతము త్రోసివేయును. 'ఎ', 'బి' గుర్తులు నిలుచుటకు పునాదిగా 'హెచ్' అను పదార్థము కావలెను. 'ఓ' వారికి ఆ పునాది కలదు; బొంబాయి వర్గమువారికి అదియు లేదు. కావున వారి రక్తరసిలో 'హెచ్'కు సైతము ప్రతిరక్షకములుండును. వారికి తమ వర్గమువారి రక్తమే శరణ్యము. మన దేశమున సుమారు పదివేలమందిలో ఒకరు అట్టివారని అంచనా.

ఇది అంతర్గత జన్యువు వలన కలుగును. తల్లిదండ్రులిద్దరి నుండియు రావలెను. ఇచ్చట మన మేనరికము జ్ఞప్తికి వచ్చును. మేనత్త కొడుకును మేనమామ కూతురును ఒకే తాతయవ్వల మనుమలగుటచే, ఒకే గుప్తజన్యువును ఇద్దరును మోయుటకు అవకాశము హెచ్చు. అక్కకూతురిని పెండ్లాడినచో మరింత హెచ్చు. ఆంధ్రదేశమందలి దగ్గర సంబంధముల వివాహములపై తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు మీరాఖాన్‌తో కలిసి 1960లో పరిశోధనమును ప్రకటించెను. ఆయన గురువు జె. బి. ఎస్. హాల్డేన్. ఆ మహాశాస్త్రజ్ఞుడు 1964లో భువనేశ్వరమున కన్నుమూయగా, ఆయన కోరిక మేరకు భౌతికకాయము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరినది.

బొంబాయి వర్గము వ్యాధి కాదు. అట్టివారు అందరివలెనే ఆరోగ్యముగా జీవింతురు. రక్తము అవసరమైననాడే చిక్కు. అప్పుడు మొదట వెదకవలసినది వారి తోబుట్టువులలోనే. తల్లిదండ్రులిద్దరును ఆ గుప్తజన్యువును మోయుచున్నవారైనచో, ప్రతి తోబుట్టువునకును నాల్గింట ఒక వంతు అదే రక్తముండుటకు అవకాశము కలదు. పరీక్షలు జరిపి తగిన జాగ్రత్తలతో ఆ రక్తమునెక్కింతురు. అన్నచెల్లెండ్ర బంధమును మొదట కాదన్న శాస్త్రమే ఇచ్చట దానిని ఆశ్రయించుచున్నది.

రక్తము కర్మాగారములలో తయారగునది కాదు. ఎర్రకణములను చల్లని పేటికలో భద్రపరచినను ఆరు వారములకు మించి నిలువయుంచరు. కావున ఉపాధ్యాయులు ఈ పాఠమును పరీక్ష కొరకే చెప్పి విడువరాదు. ప్రతి విద్యార్థియు తన రక్తవర్గమును ఎరుగవలెను. పదునెనిమిదేండ్లు నిండి ఆరోగ్యవంతుడైనపుడు దానము చేయవలెను. పల్లె నుండి పట్టణమునకు ప్రాణములు చేతబట్టుకొని పోవు తల్లికి, ముందుగానే పరీక్షింపబడి సిద్ధముగానున్న ఒక సంచి రక్తమే ఆనాటి రక్తసంబంధము.