గడ్డి యని పెరికివేయు వాన లిల్లి

గోదావరిఖని క్వార్టర్ల ముంగిళ్లలోను, రామగుండము చుట్టుపట్ల పల్లెలలోను ఏడాది పొడవున గడ్డివలె పడియుండి, వాన కురిసిన నాలుగైదు దినములకు తెల్లగానో గులాబివన్నెగానో విరియు చిన్నమొక్కను రైతు సోదరులు చూచియే యుందురు. అదియే వాన లిల్లి. అమెరికా ఖండములనుండి మన తోటలకు వచ్చినది. పూయని దినములలో దీనిని గడ్డి యని పెరికివేయువారు పెక్కురు.

మూడేండ్ల క్రిందట మేమొక సభ్యునకు ఇరువది గడ్డ లిచ్చితిమి. ఆయన శ్రద్ధాళువు. వేసవి యంతయు దినదినము నీరు పోసెను. ఆకులు ఏపుగా పెరిగినవి గాని పువ్వొక్కటియు లేదు. చోటు చాలక బావిగట్టున పగిలిన కుండలో పడవేసిన అయిదు గడ్డలు మాత్రము మండుటెండకు ఆకులు రాల్చి, తొలకరి పడగనే పూచినవి! తప్పు మాదే, నీ రెప్పుడు మానవలయునో మేము చెప్పలేదు. ఎండు నేలపై ఒక్కమారుగా పడిన వానయే దీనికి మేలుకొలుపు.

గడ్డను ఎండ తగులుచోట రెండంగుళముల లోతున నాటవలయును. నల్లరేగడిలో నీరు నిలిచినచో కుళ్లును గనుక ఇసుకయు, మాగిన పశువుల ఎరువును కలుపవలెను. వానలు వెనుకబడినచో కొన్ని వారములు ఎండబెట్టి, పిమ్మట నేల నానునట్లు నీరు పెట్టి చూడవచ్చును.

ఒక్క విషయమున మాత్రము ఉపేక్ష కూడదు. దీని గడ్డ చిన్న ఉల్లిగడ్డను పోలియుండును, కాని విషము. తిన్నచో వాంతులు కలుగును. కావున ఉల్లిమడి చెంత నాటరాదు, త్రవ్వితీసిన గడ్డలను వంటయింట ఉంచరాదు, పెరికినవానిని పశువుల గాటిలో వేయరాదు.

ఆ సభ్యుని కుండలో నేడు పదునెనిమిది గడ్డలు కలవు. కుండ మార్చవలసియున్నది.